మోచేతి చేతులు అడిగితే పొట్టి చేతులు కోసిన టైలరు దగ్గరికే మళ్లీ వెళ్తున్నా

బెంగళూరు మారతహళ్లిలో మున్నేకొళాల వైపు ఉన్న ఒక చిన్న టైలరు షాపు గురించి ఇది. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆయన చేసిన పొరపాటు కూడా చెప్పాలి, అది చెప్పకపోతే నేనెందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు.

చెల్లెలి పెళ్లికని అమ్మ ధర్మవరం నుంచి పట్టుచీర తెచ్చింది. వంకాయరంగు, ఆవపిండి రంగు అంచు. జాకెట్టు గుడ్డ చీరతోపాటే ఒకే మగ్గం మీద నేసి వస్తుంది, మీటరు కూడా ఉండదు, అది పాడైతే అలాంటిది ఇంకోటి బజార్లో దొరకదు. ఆది జాకెట్టు ఇచ్చి, చేతులు మాత్రం మోచేతి దాకా, 11 అంగుళాలు పెట్టమని చెప్పి వచ్చా.

పెళ్లి ఇంకో 12 రోజులుందనగా సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "అమ్మా, తప్పు జరిగిపోయింది. ఆది జాకెట్టు చూసి పొట్టి చేతులు కోసేశాను. నాదే తప్పు. ఒక్కసారి వస్తే చూపించి మాట్లాడతా."

వెళ్లి నలుగురి ముందూ గట్టిగానే అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. ఆయన అడ్డు చెప్పలేదు, కుర్రాడి మీదకి నెట్టలేదు, పని ఎక్కువైందని కూడా అనలేదు. నేను ఆగాక కోసిన ముక్కలు బల్ల మీద పరిచి రెండు దారులు చెప్పారు. ఒకటి, అంచుకి పైన ముక్క అతకడం. కానీ చేయి మధ్యలో అతుకు కనిపిస్తుంది, నచ్చక విప్పితే పట్టు మీద సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. రెండోది, కొత్త గుడ్డ తెచ్చి మొదటి నుంచి కుట్టడం. "నన్నడిగితే రెండోదే మంచిదమ్మా, ఖర్చు నాది" అన్నారు.

దీనికి ముందు వేరే బొటిక్‌లో కుట్టించిన జాకెట్టు ఒక్క ఉతుక్కే బిగుతైపోయి, తీసుకెళ్లి అడిగితే మీరే లావయ్యారు అన్నారు. లైనింగు కాటన్ గుడ్డని కుట్టేముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలని, లేకపోతే తర్వాత కుదించుకుపోయి పైగుడ్డని లాగేస్తుందని నాకు ఈ మాస్టారు చెప్పాకే తెలిసింది. అన్ని రోజులూ తప్పు నా ఒంటిదే అనుకున్నా.

మర్నాడు ఆయన షాపు కుర్రాడికి అప్పగించి, రంగు చూసుకోడానికి ఒక పీలిక పట్టుకుని, 335ఈ బస్సులో మెజెస్టిక్ వెళ్లి అక్కణ్నుంచి మెట్రోలో తర్వాతి స్టేషనే అయిన చిక్కపేట చేరి, నాలుగైదు కొట్లు తిరిగి ఆవపిండి రంగు పట్టుగుడ్డ తెచ్చారు. ఈసారి ముందు లైనింగు మాత్రమే కుట్టి నన్ను వేసుకుని చూడమన్నారు. చంక దగ్గర కాస్త పట్టింది, చెప్తే అక్కడే సుద్దతో గీసుకున్నారు. పాడైన చేతుల నుంచి అంచు కత్తిరించి కొత్త చేతుల చివర వేశారు. దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది, ఆ మాట కుట్టకముందే చెప్పారు. పెళ్లికి 4 రోజుల ముందే జాకెట్టు చేతికొచ్చింది. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి, మెడ జారలేదు. కుట్టుకూలి ఇవ్వబోతే "వచ్చేసారి తీసుకుంటాలేమ్మా" అన్నారు. ఆ రోజు అరిచినందుకు సారీ చెప్పాను. మీ అమ్మ తెచ్చిన గుడ్డ కదా, కోపం రాదా అన్నారు.

ఆ తర్వాత మూడు జాకెట్లు కుట్టించా. ఇప్పుడు చీటీలో చేతుల పొడవు ఎర్ర పెన్నుతో వేరుగా రాస్తున్నారు, గుడ్డ ముక్కతో కలిపి పిన్ను కొడుతున్నారు, రాసింది పైకి చదివి మనతో అవునని అనిపించుకున్నాకే గుడ్డ పక్కన పెడుతున్నారు.

ఇబ్బందులూ ఉన్నాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ట్రయల్ గది అంటే ఒక కర్టెన్ అంతే. మగ్గం వర్కు చెయ్యరు. శ్రావణమాసంలో చెప్పిన రోజుకి రెండు రోజులు ఆలస్యం ఖాయం, వరలక్ష్మీ వ్రతానికి కావాలంటే నెల ముందే ఇచ్చేయండి. ఆది జాకెట్టు ఇచ్చినా సరే, చేతుల పొడవు, మెడ లోతు టేపుతో కొలిపించి దగ్గరుండి రాయించుకోండి.