ఫ్రిస్కో, రౌండ్ రాక్, సర్‌ప్రైజ్: రేంజర్స్ కుర్రాళ్ళ వెంట కొన్ని ప్రయాణాలు

టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ ఆటను ఆర్లింగ్టన్‌లో చూసిన తెలుగువారు డాలస్ పరిసరాల్లో చాలామందే ఉంటారు. ఆ జట్టులోకి రేపో మాపో రాబోయే కుర్రాళ్ళు అంతకుముందు రెండు మూడేళ్ళు ఎక్కడ ఆడుతుంటారో తెలుసుకొని, వారిని చూడటానికే ఊళ్ళు తిరిగినవారు మాత్రం తక్కువ. మా అబ్బాయి పుణ్యమా అని నేను ఆ తక్కువమందిలో చేరాను. కొన్ని వేసవులుగా మేమిద్దరం తిరిగిన మైదానాలు, దిగిన బసలు, తిన్న తిండి, పెట్టిన ఖర్చు ఇవన్నీ బేరీజు వేసి చెబితే, ఇదే మోజు ఉన్న ఇతర కుటుంబాలకు పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మేజర్ లీగ్ జట్ల కింద కుర్రాళ్ళు ఆడి ఎదిగే మైనర్ లీగ్ వ్యవస్థను 2021లో పునర్వ్యవస్థీకరించి జట్ల సంఖ్యను 120కి కుదించారు. ముప్పై పెద్ద జట్లలో ఒక్కొక్కదానికి నాలుగు అనుబంధ జట్లు ఉంటాయి. రేంజర్స్ విషయంలో, 2025 నుంచి కింది మెట్టు నార్త్ కరోలినాలోని హికరీ, దానిపై మెట్టు సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్, ఆపైన డబుల్-ఏ స్థాయిలో డాలస్ ఉత్తర శివారులోని ఫ్రిస్కో రఫ్‌రైడర్స్, చివరగా ట్రిపుల్-ఏ స్థాయిలో ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్. వీటన్నిటికీ అడుగున, అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో శిక్షణ ప్రాంగణం ఉంది. క్రికెట్ తెలిసినవారు దీన్ని రంజీ ట్రోఫీతో పోల్చుకుంటారు గాని ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. రంజీలో హైదరాబాద్ జట్టు హైదరాబాద్ కోసమే ఆడుతుంది. ఫ్రిస్కోలో ఈ రాత్రి ఎవరు ఆడాలో, ఎవరు ఎన్ని బంతులు వేసి విశ్రాంతి తీసుకోవాలో ఆర్లింగ్టన్‌లోని యాజమాన్యం నిర్ణయిస్తుంది. గెలుపు కంటే కుర్రాడి ఎదుగుదలే ఇక్కడ ప్రధానమని గ్రహించకపోతే, చక్కగా బంతులు వేస్తున్న పిచర్‌ను, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఐదో దాంట్లోనే ఎందుకు తప్పించారో అర్థంకాక చిరాకు పడతాం.

ప్రయాణానికి రోజు ఎంచుకోవడమే ఈ వ్యవహారంలో అసలు విద్య. ఈ స్థాయిల్లో ఒక జట్టు మరో జట్టు ఊరికి వెళితే సాధారణంగా మంగళవారం మొదలుకొని ఆదివారం దాకా ఆరు ఆటలు అక్కడే ఆడుతుంది, సోమవారం సెలవు. అందువల్ల ఏ బ్యాటర్‌ను చూడాలన్నా గురువారం వెళ్ళినా శనివారం వెళ్ళినా ఒకటే గాని, ఆరంభ పిచర్ సంగతి అలా కాదు. అతడు వారానికి ఒకసారి, మహా అయితే మంగళవారం, మళ్ళీ ఆదివారం బంతులు వేస్తాడు. చూడదలచుకున్నది పిచర్‌నైతే, అతడు కిందటి వారం ఏ రోజు వేశాడో చూసుకొని, ఆట ముందురోజు ప్రకటించే పేరుతో సరిపోల్చుకొని, అప్పుడే హోటల్ గది ఖాయం చేసుకోవాలి. రద్దు చేసుకోవడానికి వీలులేని గదిని పది డాలర్లు కలిసొస్తాయని ఎప్పుడూ తీసుకోకూడదు. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడిని పై స్థాయికి పంపారన్న వార్త రావచ్చు, పిడుగుల వానతో ఆట వాయిదా పడవచ్చు.

ఇక మైదానాల్లో మొదట చెప్పవలసినది ఫ్రిస్కో. ఈ మొత్తం వరుసలో డబ్బుకూ సమయానికీ తగిన ఫలం ఇక్కడ దొరికినట్టు మరెక్కడా దొరకదని నా అభిప్రాయం. 2003లో తెరిచిన ఈ మైదానానికి మొదట ఒక శీతల పానీయం పేరు ఉండేది, ఇప్పుడు రైడర్స్ ఫీల్డ్ అంటున్నారు. పదివేల మందికి పైగా పడుతుంది. కట్టడం ఒకే పెద్ద గిన్నెలా ఉండదు, వేరు వేరు మండపాలను కలిపి కట్టినట్టు ఉంటుంది. ప్రత్యేకంగా చెప్పుకోవలసింది, పిచర్లు ఒళ్ళు కాచుకునే బుల్‌పెన్‌లు ప్రేక్షకుల కుర్చీల మధ్యనే ఉండటం. నాలుగు అడుగుల దూరంలో నిలబడి గంటకు తొంభై అయిదు మైళ్ళ బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు వింటే, టీవీలో చూసినప్పుడు ఆ వేగం మనకు ఏమాత్రం అందలేదని తెలుస్తుంది. ఆటకు గంట ముందే వెళ్ళి ఆ చుట్టుపక్కల చోటు చూసుకోవడం మంచిది. 2016లో కుడివైపు అవుట్‌ఫీల్డ్ వెనక నీటి కాలువ లాంటి ఈత కొలను కట్టారు, పిల్లలు గాలి ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. చిన్నపిల్లలున్న పెద్ద బృందాలకు అది బాగుంటుందేమో గాని, ఆటగాళ్ళను గమనించడానికి వచ్చినవారికి అది అనవసరపు ఖర్చు.

డబుల్-ఏ స్థాయినే ఎందుకు ఇంతగా మెచ్చుకుంటున్నానంటే, కింది మెట్లలో కేవలం వేగంతో, బలంతో నెట్టుకొచ్చిన కుర్రాళ్ళకు మొదటిసారి నిజమైన పరీక్ష ఎదురయ్యేది ఇక్కడే. ఇవాన్ కార్టర్ 2023లో సీజన్‌లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. రౌండ్ రాక్‌లో అతడు ఉన్నది కొద్ది ఆటలే. ఆ సెప్టెంబరులో రేంజర్స్ అతడిని పిలిచారు, ఆ శరదృతువులో జట్టు తన మొదటి వరల్డ్ సిరీస్ (లీగ్ ఛాంపియన్‌షిప్) గెలుచుకున్నప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళ అతడు తొమ్మిది డబుల్స్ (బ్యాటర్‌ను రెండో బేస్ దాకా చేర్చే దెబ్బలు) కొట్టి పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి నాకౌట్ ఆటల) రికార్డు నెలకొల్పాడు. దీనికి మరో కొస జాక్ లైటర్. కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2021లో రెండో స్థానంలో ఎంపికై, నేరుగా ఫ్రిస్కోకు వచ్చి, 2022 అంతా పరుగులు ఇస్తూ తంటాలు పడ్డాడు. అప్పట్లో అతడిని చూసి పెదవి విరిచినవారు, 2025లో అతడు రేంజర్స్ ఆరంభ పిచర్ల వరుసలో నిలదొక్కుకోవడం చూశారు. బహామాస్ నుంచి వచ్చిన సెబాస్టియన్ వాల్కాట్ 2025 సీజన్‌ను ఇక్కడే పంతొమ్మిదేళ్ళ వయసులో, తనకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవాళ్ళ మధ్య ఆడాడు. అతడి బ్యాట్ నుంచి బంతి వెళ్ళే తీరు చూడటానికే టికెట్ కొన్నవారిలో మేమూ ఉన్నాం.

మనవాళ్ళ ఆసక్తిని మరో పేరు ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది: కుమార్ రాకర్. తల్లి లలిత భారత సంతతి కుటుంబానికి చెందినవారు, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లైటర్‌కు సహచరుడైన కుమార్, 2019లో డ్యూక్ జట్టుపై ఒక్క హిట్ (బ్యాటర్ బేస్ చేరే దెబ్బ) కూడా ఇవ్వకుండా పంతొమ్మిది మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతిని ఆడనివ్వకుండానే అవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ ఎంపిక చేసి కూడా వైద్య పరీక్షల తరవాత ఒప్పందం చేసుకోలేదు; మరుసటి ఏడు రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. మోచేతి శస్త్రచికిత్స తరవాత 2024లో ఫ్రిస్కో, రౌండ్ రాక్‌ల మీదుగా ఎదిగి, సెప్టెంబరు 12న సియాటిల్‌లో రేంజర్స్ తరఫున తొలి ఆటలో నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు. ఫ్రిస్కోలో అతడు బంతులు వేసిన రోజుల్లో, ఎన్నడూ బేస్‌బాల్ చూడని మన పెద్దవారు కూడా మనవలతో వచ్చి కూర్చున్నారు.

ఫ్రిస్కోలో బస గురించి చెప్పాలంటే, మైదానం టోల్‌వే పక్కనే, స్టోన్‌బ్రయర్ మాల్‌కు ఎదురుగా ఉన్నందువల్ల చుట్టూ హోటళ్ళకు కొదవలేదు. పిల్లల క్రీడా పోటీలు ఎక్కువగా జరిగే ఊరు కనుక వేసవి శని ఆదివారాల్లో గదుల ధర అమాంతం పెరుగుతుంది. మంగళ, బుధవారాల్లో ఆట చూస్తే టికెట్ చవక, జనం పలుచన, మంచి కుర్చీ సులభంగా దొరుకుతుంది. అయితే ఒక జాగ్రత్త: మైదానానికి నడిచి వెళ్ళవచ్చని ప్రకటించుకున్న ఒక హోటల్‌లో దిగాక, మధ్యలో కాలిబాట లేని పెద్ద రోడ్డు దాటాలని తెలిసింది, పటంలో దూరం ఒక్కటే చూస్తే చాలదు. ఫ్రిస్కోకు డాలస్ నగర రైలు రాదు, కాబట్టి కారు తప్పదు. తిండికి మాత్రం ఏ లోటూ లేదు. మైదానం లోపల శాకాహారులకు నాచోస్, ప్రెట్జెల్, వేరుశనగలు మినహా పెద్దగా దొరకదు గాని, బయటికి వస్తే ఇడ్లీ నుంచి బిర్యానీ వరకు తెలుగు భోజనం పది నిమిషాల్లో అందుతుంది. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం కూడా ఈ ఊళ్ళోనే ఉంది కనుక ఉదయం దర్శనం, సాయంత్రం ఆట అన్న ఏర్పాటు మా ఇంట్లో పెద్దలకు బాగా నచ్చింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ళ సంఘం కుదుర్చుకున్న మొదటి ఒప్పందం ప్రకారం డబుల్-ఏ ఆటగాడి కనీస వేతనం ఏడాదికి 30,250 డాలర్లకు, ట్రిపుల్-ఏలో 35,800కు పెరిగింది; అంతకు ముందు అవి 13,800, 17,500 మాత్రమే. సంతకాల కోసం గట్టు దగ్గర పిల్లలతో నవ్వుతూ నిలబడే ఆ కుర్రాళ్ళలో జట్టుతో ఒప్పందం కుదిరినప్పుడు లక్షల డాలర్ల బోనస్ అందుకున్నవాడు ఒకడైతే, ఈ జీతంతోనే నెట్టుకొస్తున్నవారు చాలామంది. చుట్టూ ఉన్న మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల ఇళ్ళ ధరలు తలుచుకుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

రౌండ్ రాక్‌కు ఫ్రిస్కో నుంచి ఇంచుమించు రెండు వందల మైళ్ళు. ఐ-35 రహదారి మీద వేకో ఊరు దాటేవరకు బాగానే ఉంటుంది, ఆ తరవాత రోడ్డు పనులు, లారీల రద్దీ కలిసి మూడు గంటల ప్రయాణాన్ని నాలుగు గంటలు చేస్తాయి. 2000లో తెరిచిన డెల్ డైమండ్ మైదానం, కుటుంబంతో ఒక సాయంత్రం గడపడానికి నేను చూసినవాటిలో ఉత్తమమైనది: అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి దిబ్బ మీద దుప్పటి పరుచుకొని కూర్చోవచ్చు, పిల్లలకు ఆడుకునే చోటు ఉంది, సిబ్బంది మర్యాదగా దారి చూపుతారు. జట్టు పేరు ఒకప్పటి ప్రఖ్యాత పిచర్ నోలన్ రయన్ బిరుదు నుంచి వచ్చింది. ఆయన కుటుంబం ఈ జట్టు స్థాపకుల్లో ఒకరు.

అయినా కుర్రాళ్ళను వెతుక్కుంటూ వచ్చినవారిని రౌండ్ రాక్ కొంత నిరాశపరుస్తుంది. ట్రిపుల్-ఏ ఎదిగే చోటు కంటే ఎక్కువగా వేచి ఉండే చోటు. ముప్పైకి అటూ ఇటూగా ఉండి, పెద్ద జట్టులో ఎవరికైనా గాయమైతే పిలుపు వస్తుందని ఎదురుచూసేవారు జట్టులో చాలామంది. నిజమైన ఆశాకిరణాలు ఇక్కడ నిలిచేది కొద్దికాలమే. 2023 జూలై డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో ఎంపికైన వయట్ లాంగ్‌ఫర్డ్, అదే సీజన్ ముగిసేలోగా సర్‌ప్రైజ్, హికరీ, ఫ్రిస్కోలు దాటి రౌండ్ రాక్ చేరి, 2024 ప్రారంభానికి రేంజర్స్‌లో ఉన్నాడు. పైగా వీరు ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ, రీనో, సాల్ట్ లేక్ వంటి ఎత్తైన ఊళ్ళున్నాయి. అక్కడి పలుచని గాలిలో బంతి దూరం పోతుంది, కాబట్టి బ్యాటర్ల అంకెలు చూసి మురిసిపోకూడదు, పిచర్ల అంకెలు చూసి బెంగపడకూడదు. ఒక ఆకర్షణ మాత్రం ఉంది: గాయం నుంచి కోలుకుంటున్న పెద్ద ఆటగాళ్ళు ఇక్కడ ఒకటి రెండు ఆటలు ఆడిపోతారు. మాక్స్ షెర్జర్ 2024లో అలాగే వచ్చాడు. బంతి స్ట్రైక్ (బ్యాటర్ ఆడదగిన హద్దులో పడిన బంతి) అవునో కాదో కెమెరాలతో తేల్చే ఏబీఎస్ పద్ధతిని కూడా పెద్ద లీగ్‌కు తీసుకువెళ్ళేముందు కొన్నేళ్ళు ట్రిపుల్-ఏలో పరీక్షించారు. బ్యాటర్ హెల్మెట్ తట్టి అప్పీలు చేయగానే తెర మీద తీర్పు కనిపించే ఆ ఉత్కంఠను మేము మొదట ఇక్కడే చూశాం.

బసకు ఐ-35 వెంబడి ఉన్న మామూలు హోటళ్ళు చాలు. మైదానానికి ఎదురుగా ఉన్న కలహారి రిసార్ట్‌లో పెద్ద నీటి ఆటల ప్రాంగణం ఉంది, కాని ఆట చూడటానికి వచ్చి సాయంత్రమంతా మైదానంలో గడిపేవారికి ఆ ధర గిట్టుబాటు కాదు. ఊళ్ళో 1926 నుంచి ఉన్న బేకరీలో నారింజ రంగు డోనట్లు వేడిగా ఉన్నప్పుడే తినాలి.

సర్‌ప్రైజ్ ఊరు అందరికీ కాదు. ఫీనిక్స్ విమానాశ్రయం నుంచి దాదాపు ముప్పై మైళ్ళు. మార్చిలో రేంజర్స్, కాన్సస్ సిటీ రాయల్స్ కలిసి వసంత శిక్షణ జరిపే స్టేడియం వెనక వరసగా సాధన మైదానాలున్నాయి. అక్కడ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు, డొమినికన్ రిపబ్లిక్, వెనిజువెలా నుంచి అప్పుడే వచ్చినవారు, మే నుంచి శిక్షణ లీగ్ ఆటలు ఆడతారు. టికెట్ లేదు, తినుబండారాల దుకాణం లేదు, నీడ కూడా పెద్దగా లేదు. నీళ్ళ సీసాలు, టోపీ, ఎవరు ఎవరో చూసుకోవడానికి ఆటగాళ్ళ చొక్కా నంబర్ల పట్టిక వెంట ఉండాలి. నలభై డిగ్రీలు దాటిన ఎండలో మా అబ్బాయి ఉత్సాహం మూడో ఇన్నింగ్స్ దాకా నిలిచింది. నన్నడిగితే అక్టోబరులో మొదలయ్యే అరిజోనా ఫాల్ లీగ్ సమయంలో వెళ్ళడం అన్నివిధాలా మేలు: సాయంత్రాలు హాయిగా ఉంటాయి, ముప్పై జట్లూ తమ మెరికల్లాంటి కుర్రాళ్ళను ఆరు జట్లుగా కలిపి పంపుతాయి, జట్ల కోసం ఆటగాళ్ళను అంచనా వేసే స్కౌట్ల వెనక వరుసలోనే మనకూ చోటు దొరుకుతుంది. రేంజర్స్ కుర్రాళ్ళు ఏ జట్టుతో ఆడతారన్నది ఏటేటా చూసుకోవాలి. మార్చితో పోలిస్తే గదుల అద్దె కూడా చాలా తక్కువ.

ఆర్లింగ్టన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2020లో తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు మూసుకునే పైకప్పు, చల్లదనం ఉన్నాయి. ఫ్రిస్కోలో నలుగురు కూర్చునే ఖర్చుతో అక్కడ మంచి చోట ఇద్దరు కూర్చోవచ్చు. ఇరవై నిమిషాల దూరంలోని గ్రాండ్ ప్రెయిరీలో ఒకప్పటి బేస్‌బాల్ మైదానాన్నే మార్చి 2023 నుంచి మేజర్ లీగ్ క్రికెట్ ఆడిస్తున్నారు. జూలైలో రెండూ ఒకే వారాంతంలో చూసే వీలుంటే వదులుకోవద్దు.

మాకు మిగిలింది కరోలినా మెట్లు. షార్లట్‌కు విమానంలో వెళితే స్పార్టన్‌బర్గ్ నైరుతి దిక్కున, హికరీ వాయవ్యాన, రెండూ గంటన్నర లోపు దూరంలోనే ఉన్నాయి. స్పార్టన్‌బర్గ్‌లో 2025లో కొత్త మైదానం తెరిచారు. షార్లట్‌లోనే ఒక గది తీసుకొని రెండు ఊళ్ళకూ కారులో వెళ్ళి రావడం మా ఆలోచన. చిక్కల్లా ఒక్కటే: రెండు జట్లూ ఒకే వారం సొంత ఊళ్ళో ఆడే తేదీలు కుదరాలి, అవి మా అబ్బాయి బడి సెలవుల్లో పడాలి.