మోటార్‌హోమ్ జనరేటరుకు ఏ ఇంధనం? గ్రాండ్ కాన్యన్ నుంచి డెత్ వ్యాలీ దాకా

అమెరికాలోని ఫీనిక్స్‌లో బయలుదేరి గ్రాండ్ కాన్యన్, పేజ్ అనే ఊరు, జయాన్ జాతీయ ఉద్యానం మీదుగా డెత్ వ్యాలీ చేరే దారిలో మోటార్‌హోమ్, అంటే పడకా వంటిల్లూ ఉన్న బండి, తీసుకువెళ్లేవారికి చూడవలసిన చోట్లకంటే ముందు తేల్చుకోవలసినది కరెంటు సంగతి. పెట్రోలు, ప్రొపేన్ (వంటగ్యాసులాంటి వాయువు), డీజిలు జనరేటర్లున్న బండ్లలో వేర్వేరు కాలాల్లో ఆ దారిన తిరిగిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే: బండి ఇంజను ఏ ఇంధనంతో నడుస్తుందో జనరేటరు కూడా దానితోనే నడవాలి.

అద్దెకు దొరికే మధ్యరకం బండ్లలో చాలావరకు ఫోర్డ్ ఈ-450 చట్రం మీద కట్టినవే. 55 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు, దాని నుంచే ఇంధనం తీసుకునే 4 కిలోవాట్ల జనరేటరు వీటిలో సర్వసాధారణం. ట్యాంకులో ఇంచుమించు పావు వంతు మిగలగానే జనరేటరుకు ఇంధనం అందకుండా గొట్టం అమర్చి ఉంటుంది కనుక, రాత్రంతా ఏసీ వేసుకున్నా తెల్లవారి బంకు దాకా వెళ్లడానికి పెట్రోలు ఉంటుంది. పేజ్ దగ్గర లోన్ రాక్ బీచ్‌లో ఇసుక మీదే బండి నిలుపుకోవాలి, కరెంటు కనెక్షన్ లేదు. పెట్రోలు జనరేటరు విలువ మాకు అక్కడే తెలిసింది. అయితే ఎత్తుకు పోయేకొద్దీ ఇంజను శక్తి ప్రతి వెయ్యి అడుగులకు మూడు, మూడున్నర శాతం చొప్పున తగ్గుతుంది. సుమారు 3,700 అడుగుల ఎత్తున్న ఆ ఒడ్డున మా 4,000 వాట్లు 3,500కు దిగాయి. ఏసీకి 1,500, మైక్రోవేవ్‌కు మరో 1,500 పోతే మిగిలేది ఎంతో అత్తయ్యగారు ఒక్కరోజులోనే పట్టేశారు. మిక్సీలో కొబ్బరి పచ్చడి వేసే ముందు “ఏసీ కట్టేయమంటారా, బాబూ?” అని అడగడం ఆవిడకు అలవాటైపోయింది.

ప్రొపేన్ జనరేటరు మెచ్చుకోదగినదే. ఆ ఇంధనం నెలల తరబడి నిలవున్నా చెడదు, కార్బురేటరులో జిగురు పట్టదు, వాసనా తక్కువే. కానీ గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అక్టోబరు రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండులో కరెంటు లేదు. హీటరు, పొయ్యి, ఫ్రిజ్, జనరేటరు అన్నీ ఒకే ప్రొపేన్ ట్యాంకు మీద ఆధారపడతాయి. ఆ ట్యాంకునైనా భద్రత కోసం 80 శాతానికి మించి నింపరు. గంటకు 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) హీటరు ఆగకుండా మండితే గంటకు గ్యాలనులో మూడో వంతు తాగుతుంది. గ్యాలను ప్రొపేన్‌లో ఉండే శక్తి పెట్రోలులో నాలుగింట మూడు వంతులు, డీజిలులో మూడింట రెండు వంతులు మాత్రమే. పైగా చలిలో ట్యాంకు లోపలి ఆవిరి పీడనం పడిపోయి గ్యాసు సరిగా అందదు. బండికి బిగించిన ట్యాంకును వంటగ్యాసు సిలిండరులా విప్పి పంపలేము. నింపించాలంటే పరుపులు, గిన్నెలు సర్దుకుని బండినే తోలుకుపోవాలి.

మా బంధువుల డీజిలు బండిలోని 8 కిలోవాట్ల జనరేటరు శబ్దమూ తక్కువే, ఏసీలు రెండూ తేలిగ్గా లాగుతుంది. ధర, బరువు మాత్రం ఎక్కువ. రోజంతా చిన్న భారం మీద తిప్పితే పూర్తిగా కాలని ఇంధనం మసిగా పేరుకుంటుంది కాబట్టి ఫోను ఛార్జింగుకు దాన్ని నడపడం తగదు. విచిత్రమేమిటంటే, మేథర్‌లో 30 అడుగులకు మించిన బండిని రానివ్వరు. అంతకంటే పొడవైన మా బంధువుల బండి పక్కనే ఉన్న ట్రెయిలర్ విలేజ్‌కు వెళ్లవలసిందే. అక్కడ కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్నాయి. ఇక జనరేటరుతో పనేముంది?

అద్దె సంస్థల సేవలో నాకు నచ్చనిది గంటల లెక్కన జనరేటరుకు వేసే రుసుము. మాకు బండి ఇచ్చిన సంస్థ ఆ సంగతి తాళాలు చేతికిచ్చేటప్పుడు గాని చెప్పలేదు. గంటల మీటరును ముందే ఫొటో తీసుకోవడం, ఏసీ వేసి అరగంటపాటు జనరేటరును అక్కడే నడిపించి చూడడం మంచిది. నెలల తరబడి వాడకుండా ఉంచిన పెట్రోలు జనరేటరు ఖాళీగా బాగానే తిరిగి, భారం పడగానే వేగం నిలకడ లేక ఎగిసిపడుతుంది. జనరేటరు పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే హెచ్చరిక యంత్రం పనిచేస్తున్నదో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇంధనం ఏదైనా నియమాలు తప్పవు. డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకే జనరేటరు నడపనిస్తారు, ఆ పక్కనే ఉన్న టెక్సాస్ స్ప్రింగ్స్‌లో అసలు నడపనివ్వరు. జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండులోనూ జనరేటరు నిషిద్ధమే. అయితే కరెంటు ఉన్న స్థలాలు అక్కడ కొన్ని ఉన్నాయి, వాటిని నెలల ముందుగానే రిజర్వు చేసుకోవాలి.