ఎనిమిదేళ్లు, 640 ఫైరింగులు: మా డాబా మీది గాజు కిల్న్

మా అత్తయ్య దీన్ని కుంపటి అంటారు. పక్కింటివాళ్లు ఓవెన్ అనుకుంటారు. కొరియర్ అబ్బాయి ఒకసారి తొంగిచూసి "ఇది పాత మోడల్ వాషింగ్ మెషీనా మేడమ్?" అన్నాడు. 2017 జూన్‌లో విశాఖపట్నంలోని మా ఇంటి డాబా గదిలోకి నలుగురు మనుషులు మోసుకొచ్చి పెట్టిన ఈ పెట్టె గాజు ముక్కల్ని కరిగించి అతికించే కరెంటు కిల్న్, అంటే కొలిమి. వచ్చిన రోజు నుంచి ప్రతి ఫైరింగునీ, అంటే ఒకసారి వేడిచేసి చల్లార్చడాన్నీ, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మొన్న ఆదివారంతో 640 అయ్యాయి. కొనాలా వద్దా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. తయారుచేసిన వర్క్‌షాప్ పేరు రాయను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, ఆ తలనొప్పులు వేరేవాళ్ల దగ్గర కొన్నా తప్పేవి కావు.

ముందు కొలతలు. లోపల 50 సెంటీమీటర్ల చదరం, లోతు 25. అందులో 46 సెంటీమీటర్ల షెల్ఫ్ పడుతుంది. మూత పైకి లేస్తుంది, హీటింగ్ కాయిల్స్ ఆ మూతలోనే ఉంటాయి. ఇది ముఖ్యం. కుండలు కాల్చే కిల్న్‌లలో కాయిల్స్ పక్క గోడలకు ఉంటాయి. వాటిలో గాజు పెడితే అంచులు ముందు వేడెక్కి, మధ్యభాగం చల్లగా ఉండిపోయి, పెద్ద పలక అయితే ఠప్పున పగులుతుంది. పైనుంచి వేడి పడితే పలకంతా ఒకేలా కాగుతుంది. మాది 3.6 కిలోవాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 16 ఆంపియర్లు. ఎలక్ట్రీషియన్ వచ్చి "గీజర్ పాయింట్‌కి ఇచ్చేద్దామా మేడమ్?" అన్నాడు. వద్దు బాబూ అని చెప్పి, మీటర్ దగ్గర నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు లాగించి, 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) విడిగా పెట్టించాను. ఎనిమిదేళ్లలో వైరింగ్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. కిల్న్ కొనేవాళ్లు ఈ ఖర్చును ధరలో కలిపే లెక్క వేసుకోవాలి.

అసలు నాకీ పిచ్చి పట్టింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను దాటాక మా వీధిలో కిటికీ అద్దం మిగిలిన ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. అందరూ పెంకులు ఎత్తి పారబోస్తుంటే రెండు గోతాలు నేను తెచ్చుకున్నాను. అప్పటికి నాకు రంగు గాజు ముక్కలు కోసి సీసపు పట్టీలతో అతికించడం మాత్రమే వచ్చు. ఆ గోతాలు మెట్ల కింద మూడేళ్లు పడి ఉన్నాయి. కిల్న్ రాగానే వాటితోనే మొదలుపెట్టాను. మొదటి పలక బయటికి తీస్తే అద్భుతంగా ఉంది, ఇంట్లో అందరికీ చూపించాను. మూడో రోజు రాత్రి షోకేసులో ఉన్నది ఉన్నట్టే చిట్లింది.

గాజు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. రెండు రకాల గాజుల్ని కలిపి కరిగిస్తే, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకుంటాయి. అతుకు దగ్గర రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. ఏ ఇంటి కిటికీలో ఏ కంపెనీ గాజు ఉందో నాకేం తెలుసు? రెండు గోతాల్లో కనీసం ఐదారు రకాలు ఉండి ఉంటాయి. అప్పటి నుంచి ఒక పలకకి ఒకే కిటికీ అద్దం అని రూలు పెట్టుకున్నాను. రంగు పనికి మాత్రం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1974 నుంచి గాజు చేస్తున్న బుల్స్ఐ వాళ్ల షీట్లు తెప్పించుకుంటాను. అవి 3 మిల్లీమీటర్ల మందం, ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో పరీక్షించి అమ్ముతారు. వ్యాకోచం లెక్కలో వాటిని 90 గాజు అంటారు. మార్కెట్లో 96 అనే రకం కూడా దొరుకుతుంది. రెండూ ఒకదానితో ఒకటి కలవవు, చూడ్డానికి మాత్రం ఒక్కలాగే ఉంటాయి కాబట్టి నేను ఒక్క 96 ముక్కని కూడా గదిలోకి రానివ్వను. రవాణా, కస్టమ్స్ సుంకం కలిపి బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఎనిమిదేళ్లలో కిల్న్‌కి పెట్టినదానికంటే గాజుకి పెట్టింది చాలా ఎక్కువ.

గాజు కరిగించడం ఏ కిల్న్ అయినా చేస్తుంది. డబ్బులు పెట్టాల్సింది చల్లార్చడానికి. 6 మిల్లీమీటర్ల పలకకి నేను వాడే ప్రోగ్రామ్ ఇది: గంటకి 220 డిగ్రీల చొప్పున 677 దాకా, అక్కడ అరగంట ఆపు. పొరల మధ్య గాలి మెల్లగా బయటికి పోవాలి, లేకపోతే బుడగలు. తర్వాత 804కి ఎక్కించి పది నిమిషాలు. అక్కడి నుంచి 482కి దింపి గంటసేపు కదలకుండా ఉంచాలి. గాజు లోపలి బిగువంతా సడలేది ఆ గంటలోనే. తర్వాత గంటకి 83 చొప్పున 371 దాకా, ఆపైన దాని మానాన అది చల్లారుతుంది. మందం రెట్టింపు చేసి 12 మిల్లీమీటర్లు వేస్తే 482 దగ్గర రెండు గంటలు కావాలి, దిగడం కూడా గంటకి 55 చొప్పున మొదలుపెట్టాలి. ఇదంతా మనిషి కూర్చుని చేసే పని కాదు. అందుకే ప్రోగ్రామ్ ప్రకారం వేడిని నడిపించే కంట్రోలర్ చవకది తీసుకోవద్దంటాను. మాదాంట్లో ఒక ప్రోగ్రామ్‌కి ఎనిమిది మెట్లున్నాయి, సరిపోతున్నాయి.

బిగువు పోయిందో లేదో కంటికి కనిపించదు. పాత ఎల్‌సీడీ మానిటర్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని ముందు గాజు పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూడండి. కళ్లద్దాల్ని తిప్పితే స్క్రీన్ నల్లబడే చోటొకటి దొరుకుతుంది. అప్పుడు అతుకుల చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే ఆ పలకని ఎవరికీ అమ్మకండి. నేను మానిటర్‌ని పాత సామాన్లవాడి దగ్గర 300 రూపాయలకి కొన్నాను. కిల్న్ తర్వాత నా గదిలో అంత ఉపయోగపడే వస్తువు ఇంకోటి లేదు.

ఇక కరెంటు సంగతి. రెండో ఏడాది ఒక పెద్ద పళ్లెం అచ్చులోకి వంగి, చల్లారుతూ 520 దగ్గర ఉండగా కరెంటు పోయింది. నలభై నిమిషాలకి వచ్చింది. కంట్రోలర్ గారు ఏమీ జరగనట్టు ప్రోగ్రామ్‌ని మొదటి మెట్టు నుంచి ఎత్తుకున్నారు. పళ్లెం మళ్లీ వేడెక్కి, మళ్లీ వంగి, ఒక పక్కకి జారిపోయింది. కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుందని మాన్యువల్‌లో ఎక్కడో మూలన రాసి ఉంది. దాన్ని "ఆగిన చోటి నుంచి కొనసాగించు" అని మార్చాక ఆ బెడద తీరింది. మీరు ఏ కిల్న్ కొన్నా మొదటి రోజే ఈ సెట్టింగు వెతకండి.

వోల్టేజి పడిపోవడం ఇంకో రకం బాధ. మే నెల సాయంత్రాలు ఏసీలన్నీ ఆన్ అయితే మాకు 200 వోల్టులే వస్తుంది. 230లో 200 అంటే కాస్తే తగ్గిందనిపిస్తుంది కానీ, వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. నా 3.6 కిలోవాట్లు 2.7 అయిపోతుంది. అప్పుడు 700 నుంచి పైకి ఎక్కడానికి అది ఆపసోపాలు పడుతుంది. ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటే గాజు మీద మబ్బు పట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. కిటికీ గాజుకి మరీ ఎక్కువ. వేసవిలో రాత్రి పదకొండు దాటాకే స్విచ్ వేస్తాను. విడిగా పెట్టించిన మీటర్ ప్రకారం పూర్తిగా కరిగించే ఫైరింగుకి 11 నుంచి 13 యూనిట్లు, అచ్చులోకి వంచడానికి ఏడెనిమిది.

అసలు భయపడింది 2020 ఆగస్టులో. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి మంచినీళ్లకని లేచి, ఎందుకో పైకి వెళ్లాను. 804 దగ్గర ఆగాల్సింది 871 చూపిస్తోంది, ఇంకా పెరుగుతోంది. పరుగెత్తి ఎమ్‌సీబీ దించాను. కాయిల్స్‌కి కరెంటు ఇచ్చి ఆపే సాలిడ్ స్టేట్ రిలే చెడిపోయింది. ఈ రకం రిలేలు చెడిపోయేటప్పుడు చాలాసార్లు ఆన్‌లోనే బిగుసుకుపోతాయట. కంట్రోలర్ ఆపమంటున్నా ఆపే నాథుడు లేడు. తొమ్మిది పలకలు కలిసి ఒక్క అట్టు అయి షెల్ఫ్‌కి అతుక్కుపోయాయి. తయారీదారుకి ఫోన్ చేస్తే "మీ దగ్గర వోల్టేజి ప్రాబ్లమ్ మేడమ్" అన్నారు. ఇప్పుడు రిలేకి ముందు ఒక కాంటాక్టర్ (మొత్తం కరెంటుని తెంచే పెద్ద స్విచ్), దానికి విడిగా ఇంకో వేడి పరిమితి పెట్టించాను. 850 దాటితే టక్‌మని మొత్తం ఆగిపోతుంది. ఇది ఫ్యాక్టరీలోనే పెట్టి ఇవ్వాల్సింది. పెట్టలేదు. ఈ ఒక్కదానికే నేను రెండు స్టార్లు కోసేస్తాను.

దానితో పోలిస్తే లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ గొడవ చిన్నది. కె టైప్ థర్మోకపుల్ కొన్నేళ్లు వాడితే తప్పు చూపించడం మొదలుపెడుతుంది. నాకు తెలిసింది ఎలాగంటే, ముక్కలు ఉబ్బెత్తుగా నిలవాల్సిన పని కూడా చదునుగా అయిపోతోంది. ప్రోగ్రామ్ అదే, గాజు అదే. వారం రోజులు నా చేతినే అనుమానించాను. కొత్త థర్మోకపుల్ వేస్తే సరిపోయింది. ఇప్పుడు రెండేళ్లకోసారి అడక్కుండానే మార్చేస్తున్నాను. కాయిల్స్ మాత్రం అవే, ఒక్కటీ తెగలేదు. కాలిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఉంటుంది, దాన్ని కదపకండి.

పనిరోజు ఎలా గడుస్తుందని అడుగుతారు. పొద్దున వెలుతురుండగా కోత. అంచులు రాపిడి పట్టేది నీళ్లు కారే గ్రైండర్ మీద. షెల్ఫ్‌కి గాజు అతుక్కోకుండా తెల్లటి పూత ఐదు చేతులు పూసి ఆరబెట్టడం, పాతది గీకేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. సాయంత్రం పేర్చడం. ఇక్కడ తొందర పనికిరాదు, ఒక వెంట్రుక పడినా మచ్చ అవుతుంది. రంగుల దగ్గర కూడా చూసుకోవాలి. రాగి ఉన్న నీలాన్ని గంధకం ఉన్న మీగడ రంగు పక్కన పెడితే మధ్యలో గోధుమరంగు గీత వస్తుంది. మొదట్లో అది నా తప్పనుకున్నాను, ఇప్పుడు కావాలనే సముద్రం ఒడ్డు గీతకి వాడుతున్నాను. కొన్ని ఎరుపులు షీటులో పాలిపోయి ఉండి, కాలాకే రంగు తేలతాయి. చూసి కొనేవాళ్లు మోసపోయామనుకుంటారు.

ఎగ్జిబిషన్లలో "పాపానాయుడుపేట పూసల్లాంటివేనా?" అని అడుగుతారు. కాదండీ. అక్కడివాళ్లు కరిగిన గాజుని గొట్టంలా సాగదీసి పూసలు కోస్తారు, అది తరాల నాటి విద్య. నేను చల్లటి ముక్కలు పేర్చి మూత వేస్తాను, అంతే.

సైజు సరిపోతుందా? పెళ్లి రిటర్న్ గిఫ్టులకి 101 చిన్న గిన్నెలు అడిగారనుకోండి. 14 సెంటీమీటర్ల బిళ్లలు షెల్ఫ్ మీద తొమ్మిది పడతాయి, అంటే 12 ఫైరింగులు. వాటిని గిన్నెల్లా వంచే అచ్చులు నాలుగే పడతాయి, అంటే ఇంకో 26. మొత్తం 38 రాత్రులు. మా చుట్టాలావిడ "పది రోజుల్లో ఇచ్చెయ్యమ్మా, మిషనే కదా చేసేది" అన్నారు. అప్పటి నుంచి పెళ్లి ఆర్డరు రెండు నెలల ముందు చెప్పమంటున్నాను. అయినా దీనికంటే పెద్దది కొనమని చెప్పను. ఇంటి కరెంటు మీద నడిచేది ఇంతే. ఇంకా పెద్దదైతే త్రీఫేజ్ కావాలి, అది వేరే యుద్ధం.

అద్దె ఇంట్లో ఉంటే, గదికి గాలి ఆడకపోతే, రాత్రి నిద్రలో లేచి డిస్‌ప్లే చూసే ఓపిక లేకపోతే కొనకండి. నేనైతే మళ్లీ ఇదే కొలతలో కొంటాను. కాంటాక్టర్, రెండో వేడి పరిమితి పెట్టి ఇస్తేనే డబ్బులు కడతాను. బాడీ కూడా స్టెయిన్‌లెస్ స్టీలు అడుగుతాను. మాది పెయింట్ వేసిన మామూలు ఇనుము. సముద్రపు గాలికి మూడో ఏడాదికే స్క్రూలు తుప్పుపట్టాయి, కాయిల్ టెర్మినల్స్ ఏడాదికోసారి గరుకు కాగితంతో రుద్దాల్సి వస్తోంది. మూత కుడివైపు కీలుని తుప్పు సగం తినేసింది. రెండు చేతులతో పట్టుకుని, మోచెయ్యి ఆనించి తెరుస్తున్నాను. వెల్డర్ వచ్చే వారం వస్తానన్నాడు. ఆ మాట అనడం ఇది మూడోసారి.