ఇంగ్లీషులో మర్యాదగా వాదించడానికి ఏది మేలు: పార్లమెంటరీ డిబేటా, గ్రూప్ డిస్కషనా?

తెలుగు మాధ్యమంలో చదివి ఇంజినీరింగ్ కాలేజీకి వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషులో తన అభిప్రాయం చెప్పడం కన్నా, ఎదుటివారి అభిప్రాయాన్ని నొప్పించకుండా కాదనడమే ఎక్కువ కష్టం. దీనికి కాలేజీల్లో సాధారణంగా రెండు దారులున్నాయి: బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో సాగే డిబేట్, క్యాంపస్ నియామకాల కోసం సాధన చేయించే గ్రూప్ డిస్కషన్.

డిబేట్‌లో ఇద్దరేసి సభ్యులున్న నాలుగు జట్లు పాల్గొంటాయి: అంశాన్ని సమర్థించే పక్షాన రెండు, వ్యతిరేకించే పక్షాన రెండు. అంశం ప్రకటించాక సిద్ధపడడానికి 15 నిమిషాలు, ఒక్కొక్కరు మాట్లాడడానికి 7 నిమిషాలు ఇస్తారు. ఏ పక్షాన నిలబడాలో ఎంచుకునే వీలు ఉండదు. నేర్చుకునేవారికి అసలు లాభం ఇక్కడే ఉంది: తాను నమ్మని పక్షాన్ని కూడా సమర్థించవలసి వచ్చినవారికి, వాదాన్ని ఖండించడం వేరు, మనిషిని తూలనాడడం వేరు అని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అడ్డు తగలడానికి కూడా కట్టుబాటు ఉంది. మొదటి నిమిషం, చివరి నిమిషం మినహాయించి, ఎదుటి పక్షంవారు లేచి నిలబడి ‘ఆన్ దట్ పాయింట్’ అనవచ్చు. వక్త ‘నో, థాంక్యూ’ అంటే మారుమాట లేకుండా కూర్చోవాలి, అనుమతిస్తే 15 సెకన్లలో ప్రశ్న ముగించాలి.

గ్రూప్ డిస్కషన్‌లో ఇటువంటి వంతులేవీ ఉండవు. మొదట మాట్లాడినవారికే మార్కులన్న నమ్మకం ఎవరు పుట్టించారో గానీ, అంశం చెప్పీ చెప్పగానే నలుగురు ఒక్కసారిగా అందుకుంటారు. నెమ్మదస్తులకు నోరు తెరిచే సందు దొరకదు. అయితే డిబేట్ నేర్పని ఒక గుణాన్ని ఇది నేర్పుతుంది. డిబేట్‌లో చివరిదాకా తన పక్షాన్నే నిలబెట్టాలి; ఇక్కడ ఎదుటివారి మాటలో నిజముంటే ఒప్పుకోవచ్చు, తన అభిప్రాయాన్ని మార్చుకోవచ్చు కూడా. ప్లాస్టిక్ సంచుల నిషేధంపై చర్చ సాగుతోందనుకుందాం. ‘యూ ఆర్ రాంగ్’ అంటే ఎదుటివారు బిగుసుకుపోతారు. ‘ఐ అగ్రీ దట్ వియ్ నీడ్ ఎ బ్యాన్, బట్ హూ విల్ పే ఫర్ ది క్లాత్ బ్యాగ్స్?’ అంటే అభ్యంతరం అంతే గట్టిగా వినిపిస్తుంది, చర్చ మాత్రం కూరగాయల బండి నడిపేవారి ఖర్చు మీదికి మళ్లుతుంది.

నియామకాలు నెలరోజుల్లో ఉన్న చివరి సంవత్సరం విద్యార్థికి గ్రూప్ డిస్కషన్ తప్ప దారి లేదు, ఎందుకంటే అతడు ఎదుర్కోబోయే పరీక్ష అదే. వ్యవధి ఉన్నవారు మాత్రం డిబేట్‌తోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. వంతు ఖాయంగా దొరికే చోట భాష మీద మనసు పెట్టవచ్చు. వంతు కోసమే పెనుగులాడే చోట నేర్చుకున్న మర్యాద మాటలు కూడా సమయానికి గుర్తురావు. డిబేట్ క్లబ్బు లేని కాలేజీలో పక్షానికి ఇద్దరు చొప్పున నలుగురు చాలు. తొలి రోజుల్లో 7 నిమిషాలకు బదులు 3 నిమిషాలే పెట్టుకున్నా ఫరవాలేదు గానీ, లేచి నిలబడి అనుమతి అడిగే నియమాన్ని మాత్రం సడలించకూడదు.