జోగేశ్వరిలో పాత దివాన్ కోసం మూడు రోజులు

ముందే చెప్పేస్తాను. ముంబై జోగేశ్వరిలో పాత ఫర్నిచర్ కొందామని వెళ్ళేవాళ్ళు, వస్తువును బోర్లా తిప్పి చూడనివ్వని దుకాణంలో ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వొద్దు. నేను 5,000 ఇచ్చాను. అవి పోయినట్టే.

మాకు కావలసింది 1950, 60ల నాటి డేబెడ్. మనం దివాన్ అంటామే, అదే. కాకపోతే కింద పెట్టె, పైన చెక్కడాలు ఏమీ లేకుండా, సన్నటి ఏటవాలు కాళ్ళ మీద తేలిగ్గా నిలబడే రకం. వచ్చినవాళ్ళు కూర్చోవాలి, మధ్యాహ్నం అమ్మ కాసేపు నడుం వాల్చాలి. మూడేళ్ళ కిందట చండీగఢ్ వెళ్ళినప్పుడు సెక్టార్ 5లో పియేర్ జానరే ఉన్న ఇల్లు చూశాం, ఇప్పుడది మ్యూజియం. ఆయన, చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన ఆర్కిటెక్ట్ లె కొర్బూజియేకు వరసకు తమ్ముడు, తనూ ఆర్కిటెక్టే. ఆ ఊరు కడుతున్న రోజుల్లో ఆఫీసులకు, కాలేజీలకు, హాస్టళ్ళకు టేకుతో, పేము అల్లికతో కుర్చీలు, బల్లలు, మంచాలు చేయించాడు. గుమస్తాలు, విద్యార్థులు రోజూ వాడుకోవడానికి చేసినవవి. అయినా ఎంత అందంగా ఉన్నాయో! ఆ రోజు నుంచి అలాంటిది ఒకటి ఇంట్లో ఉండాలని నాకు పట్టుకుంది.

హైదరాబాద్ నుంచి ప్రయాణం హాయిగా సాగింది. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీకి ఇద్దరికీ కలిపి 2,200 దాకా అయింది. దాదర్‌లో దిగి లోకల్ ఎక్కితే జోగేశ్వరికి టికెట్ పది రూపాయలు. స్టేషన్ దగ్గర లాడ్జి రోజుకు 2,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వచ్చాయి.

పశ్చిమం వైపు ఓషివరాలో పాత ఫర్నిచర్ దుకాణాలు వరసగా ఉంటాయి. మొదటి దుకాణంలోనే నా కళ్ళు చెదిరాయి. తలకిందులుగా పెట్టిన 'వి' అక్షరంలాంటి కాళ్ళు, పేము అల్లిక, పక్క చెక్క మీద తెల్లరంగుతో ఏవో అక్షరాలు, అంకెలు. చండీగఢ్‌లో ఏ వస్తువు ఏ ఆఫీసుదో తెలియడానికి అలాగే రాసేవారు. "ఒరిజినల్ చండీగఢ్ మేడమ్, 1,40,000" అన్నాడు దుకాణదారు. కాగితాలున్నాయా అని అడిగాను. 2011లో కేంద్ర హోంశాఖ ఈ ఫర్నిచర్‌ను కాపాడాలని ఆదేశాలిచ్చింది. విదేశీ వేలాల్లో వీటికి లక్షలు పలుకుతున్నాయి. అలాంటప్పుడు అది తన చేతికి ఎలా వచ్చిందో అమ్మేవాడు చూపించాలి కదా. "వేలంలో కొన్నాం" అన్నాడు, కాగితం మాత్రం లేదు. పది నిమిషాల్లో ధర 62,000కు దిగింది. అంత త్వరగా సగానికి పైగా తగ్గిందంటేనే నేను బయటికి రావాల్సింది. తిప్పి చూపించమంటే పాలిష్ ఇంకా ఆరలేదన్నాడు. సాయంత్రం ఇంకొకరు వస్తున్నారని తొందరపెట్టాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగారు. నేను వినలేదు. ఫోన్‌లో 5,000 పంపేశాను. చిన్న చీటీ మీద అంకె వేసి ఇచ్చాడు.

ఆ రాత్రి లాడ్జిలో మా ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను ఫోటోలు పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నాను. కాలు, పట్టె కలిసేచోట మెరుస్తున్న స్క్రూలు, తలమీద ప్లస్ గుర్తుతో. ఆ కాలంలో మన వడ్రంగులు వాడినవి ఎక్కువగా ఒకే గీత ఉన్నవి. పేము కూడా చేత్తో అల్లింది కాదు. చేత్తో అల్లితే చట్రం చుట్టూ వరసగా చిల్లులు ఉంటాయి, ఒక్కో చిల్లులోంచి పేము దూరి వస్తుంది. ఇక్కడ మిషన్ మీద నేసిన అల్లికను గాడిలో నొక్కి పైన బద్ద అంటించారు. పాత వస్తువుకే అల్లిక మార్చి ఉండొచ్చు, కానీ స్క్రూలు, అల్లిక, పాలిష్ మూడూ కొత్తవైతే ఇంకేం మిగిలింది? పొద్దున్నే వెళ్ళి డబ్బు తిరిగి అడిగాను. ఇవ్వనన్నాడు. ఆఖరికి నాతో మాట్లాడటమే మానేశాడు.

ఆ రోజు గురువారం. మనసు బాగోక, ముంబైలోనే పాత వస్తువులు అమ్మే చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్‌కు వెళ్ళాం (శుక్రవారం మూసేస్తారు, గుర్తుంచుకోండి). దీపాలకూ గడియారాలకూ మంచి చోటు. దివాన్ లాంటి పెద్ద వస్తువు మాత్రం అక్కడ కొనొద్దు, ఆ ఇరుకు సందుల్లోంచి బయటికి తేవడం కష్టం.

మూడో రోజు మళ్ళీ ఓషివరా. మా ఆయనకు ఇష్టం లేదు, అయినా వచ్చారు. ఒక సందు చివర, రంపపు పొట్టు మధ్య ఒక పెద్దాయన కాలు విరిగిన కుర్చీ బాగుచేస్తున్నాడు. దివాన్ ఉందా అనగానే లేచి, గోడకు ఆనించి ఉన్నదాన్ని మేం అడక్కముందే బోర్లా తిప్పాడు. అడుగున పాలిష్ లేదు. చెక్క ముదురు తేనెరంగు, రంపం పళ్ళ గీతలు అక్కడక్కడా తెలుస్తున్నాయి. పేము చిల్లుల్లో ఏళ్ళ దుమ్ము గట్టిపడి ఉంది. కాలి పైకొసను నాలుకలా చెక్కి పట్టెలో దించారు, ఒక్క స్క్రూ కూడా లేదు. వేలితో గీకితే పుచ్చుపొడి రాలలేదు. ఒక కాలి అడుగున రెండంగుళాల ముక్క రంగు వేరుగా కనిపించింది. నేను అడిగేలోపే ఆయనే చెప్పాడు, చెమ్మకు పాడైతే కొత్త టేకు అతికానని. ఎవరు చేశారంటే "పేరు తెలియదమ్మా, ముంబైలో ఒక పార్సీ ఇంట్లోంచి వచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నమ్మకం కుదిరింది.

38,000 అడిగాడు, 34,000కు ఇచ్చాడు. రెండుచోట్ల తెగిన పేము అల్లడానికి 3,500. చెక్క చట్రం కట్టించి లారీలో హైదరాబాద్‌కు పంపడానికి 5,200. ఆరు రోజుల్లో గీత పడకుండా వచ్చింది. వెళ్ళేముందు మీ గుమ్మం వెడల్పు కొలుచుకోండి. మాది 32 అంగుళాలు, దివాన్ వెడల్పు 30, పక్కకు తిప్పే పని లేకుండా లోపలికి వచ్చింది.

ఎత్తు కొలవడం మాత్రం మర్చిపోయాను. ఆ కాలం దివాన్‌లు పొట్టివి, మాది పట్టె వరకు 13 అంగుళాలే. "ఇంత కిందకుంటే మోకాళ్ళతో ఎట్లా లేవనే?" అంది అమ్మ. కాళ్ళకు ముక్కలు అతికిద్దామన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. అయిదంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ 6,800 పెట్టి చేయించాను. మెత్తటిదైతే కుంగిపోతుంది, ఇది గట్టిగా ఉంటుంది. పైన పోచంపల్లి బట్ట, 1,400.

అమ్మ కూర్చుంది. రెండు చేతులూ పక్క పట్టె మీద ఆనించి లేచి చూసింది. మళ్ళీ కూర్చుంది.

"దీన్ని కిటికీ వైపు జరపండి, తల అటు పెట్టుకుంటాను" అంది.