ఉజిలో మాచా కొనేవాళ్లూ, డబ్బా వెనక్కి తిప్పి చూడండి

జపాన్‌లో క్యోటో చూడ్డానికి వచ్చే మనవాళ్లు ఎలాగూ పక్కనే టీకి పేరుపడ్డ ఉజి దాకా వెళ్తారు, వెళ్తే మాచా, అంటే ఆ మెత్తటి గ్రీన్ టీ పొడి, కొనకుండా రారు. అందుకే రాస్తున్నా. ఒసాకాలో రెండేళ్లుగా ఉంటూ కూడా నేనే బోల్తా పడ్డాను.

పోయిన నెల అత్తయ్యనీ మావయ్యనీ ఉజి తీసుకెళ్లా. బ్యోదోయిన్ గుడికెళ్లే దారి పొడుగునా టీ కొట్లే. ఒక కొట్టు ముందు బుట్టలో డబ్బాలు పేర్చి ఉన్నాయి. 40 గ్రాములు 600 యెన్లు, మూడు కొంటే 1500. మీద తిరగలి బొమ్మ, పెద్దక్షరాల్లో ఉజి, కింద ఇంగ్లీషులో ‘సెరిమోనియల్ గ్రేడ్’. పక్క కొట్లో అంతే తూకం 2000 పైమాటే. "ఇక్కడే నయం కదరా" అంది అత్తయ్య. నాకూ నయమే అనిపించింది.

ఇంటికొచ్చి పద్ధతిగానే కలిపాను. రెండు గ్రాములు జల్లించి, 80 డిగ్రీలకి చల్లారిన నీళ్లు 70 మిల్లీలీటర్లు పోసి, చాసెన్‌తో, అంటే ఆ వెదురు పుల్లల కుంచెతో, గిలక్కొట్టా. సన్నటి నురగ కట్టాలి. పెద్ద పెద్ద బుడగలొచ్చి టపటపా చిట్లిపోయాయి. రంగు చిలకపచ్చ కాదు, పాతబడ్డ గోరింటాకు పొడి. మావయ్య ఒక గుక్క తాగి, "కషాయం ఘాటుగానే ఉంది, దగ్గుకా?" అన్నాడు. గిన్నె అడుగున ఇసకలా మడ్డి.

మంచి మాచా వేళ్ల మధ్య నలిపితే కుంకుమలా గీతల్లోకి దిగిపోతుంది. ఊరికే రాదది. కోతకి మూడు వారాల ముందే తోట మీద పందిరి వేసి ఎండ తగలనివ్వరు. నీడన పెరిగిన ఆకులో వగరు తగ్గుతుంది, పచ్చదనం ముదురుతుంది. తియ్యగా, కమ్మగా అనిపించే థియానిన్ అనే పదార్థం తరిగిపోకుండా నిలుస్తుంది. కోసిన ఆకుని వెంటనే ఆవిరి పట్టి ఆరబెడతారు. రోజూ తాగే మామూలు గ్రీన్ టీ, అంటే సెంచా, ఆకులా నలిపి చుట్టరు. కాడలూ ఈనెలూ తీసేశాక మిగిలేది తెంచా. దాన్ని రాతి తిరగల్లో విసిరితే మాచా. గంటసేపు విసిరితే రాలేది 40 గ్రాములు, అంటే ఒక్క డబ్బా! తొందరపడి గబగబా తిప్పితే రాయి వేడెక్కి వాసన చస్తుంది. ఇంత చాకిరీ 600 యెన్లకి ఎలా గిడుతుందని ఆ బుట్ట దగ్గరే నాకు తట్టాల్సింది.

మళ్లీ శనివారం పనిగట్టుకుని వెళ్లి అడిగాను. కొట్టావిడ వంగి దణ్ణం పెట్టి, డబ్బా తిప్పి, వెనక చీటీలో ‘పేరు’ అన్న గడి మీద వేలు పెట్టింది. ఫున్‌మత్సు ర్యోకుచా. ఎండలో పెరిగిన మామూలు గ్రీన్ టీ ఆకుని పొడి కొట్టిందన్నమాట. పళ్లేలు తిరుగుతూ వచ్చే సుషీ హోటళ్లలో బల్ల మీద ఉచితంగా పెట్టేది ఇదే. తాగితే చెడేమీ లేదు, మాచా మాత్రం కాదు. వాళ్లు అబద్ధం ఆడలేదు కూడా, మాచా అన్న మాట ఆ డబ్బా మీద ఎక్కడా లేదు! తెరిచిన డబ్బా వాపసు తీసుకోరట. సారీలు మాత్రం ఆరు చెప్పింది.

చదవడం రాకపోయినా ఆ గడిలో అక్షరాలు లెక్కపెట్టండి. మాచా అయితే రెండే అక్షరాలు, నాకు అంటగట్టింది నాలుగు. సరుకుల గడిలో చక్కెర ముందుంటే దింపేయండి, ఎక్కువ తూకం ఉన్నదే ముందు రాస్తారు. సెరిమోనియల్ గ్రేడ్ అంటూ జపాన్‌లో ప్రభుత్వ ప్రమాణం ఏదీ లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కొట్లో కొయిచాకా, ఉసుచాకా అని అడగండి. చిక్కగా కలిపేది కొయిచా, పల్చగా కలిపేది ఉసుచా. సరుకు తెలిసినవాళ్లు వెంటనే వేరు చేసి చూపిస్తారు. ఇక ఉజి పేరంటారా, చుట్టుపక్కల ప్రాంతాలైన నారా, షిగా, మియే ఆకు కూడా క్యోటోలో తయారైతే ఉజి టీయే.

ఒక డబ్బా ఇంకా తెరవలేదు. ఊరెళ్లేటప్పుడు బావగారికి ఇద్దామంటోంది మా ఆవిడ. ఆయన ఫోన్‌లో ఫోటో తీసి చదివించుకునే రకం.