చీనీ తోటకు థర్మామీటరుతో ఎండ లెక్క: ఐదేళ్ల వాడకం తర్వాత

అనంతపురం దగ్గర మా చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్ ఎన్ని గంటలు వదలాలో ఐదేళ్లుగా హార్‌గ్రీవ్స్ లెక్కతోనే, అంటే రోజులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఎండను అంచనా వేసే లెక్కతోనే తేల్చుకుంటున్నాను. నేల నుంచి, ఆకుల నుంచి రోజూ ఎంత నీరు ఆవిరైపోతుందో, అదే ఈటీ అంటారు కదా, అది తెలియాలంటే ముందు ఎండ ఎంత పడిందో తెలియాలి. ఎండను నేరుగా కొలిచే పైరనోమీటర్ కొనే స్తోమత మాకు లేదు. ఈ లెక్కకైతే గరిష్ఠం, కనిష్ఠం చూపించే థర్మామీటర్ ఒక్కటి చాలు.

గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేసి, వర్గమూలం కట్టి, 0.16తో గుణించాలి. తీరప్రాంతమైతే 0.19. దాన్ని వాతావరణం పైఅంచున పడే ఎండతో మళ్లీ గుణించాలి. ఆ ఎండ అక్షాంశాన్ని, నెలను బట్టి మారుతుంది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1998లో తెచ్చిన 56వ నంబరు పుస్తకంలో పట్టిక ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది ఈ పట్టికే. మా 14 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏప్రిల్ మధ్యలో ఎంతో ఆగస్టు మధ్యలోనూ అంతే, చదరపు మీటరుకు రోజుకు దాదాపు 38 మెగాజౌల్స్! తేడా అంతా మబ్బుదే. ఏప్రిల్‌లో గరిష్ఠం 40, కనిష్ఠం 26 ఉంటే నేలకు చేరేది సుమారు 22.7, ఆగస్టులో ముసురు పట్టి 31, 24 ఉంటే 16. మబ్బు పగలు వేడెక్కనివ్వదు, రాత్రి చల్లారనివ్వదు, అందుకే ఆ రెండు అంకెల మధ్య దూరం చూస్తే మబ్బు సంగతి తెలిసిపోతుంది.

అదే హార్‌గ్రీవ్స్ పద్ధతిలో ఈటీ ఏప్రిల్‌లో రోజుకు 6.8 మిల్లీమీటర్లు, ఆ ముసురు రోజుల్లో 4.3 వస్తుంది. చీనీకి పంట గుణకం (ఈటీలో ఆ పంటకు కావాల్సిన వంతు) 0.65 వేసుకుంటే, 6 మీటర్ల ఎడంలో ఉన్న ముదురు చెట్టుకు 160 లీటర్లు, 100 లీటర్లు. చెట్టుకు గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగు పెట్టాం కాబట్టి ఐదు గంటలు, మూడు గంటలు. ఇంతకుముందు రెండు కాలాల్లోనూ ఐదు గంటలే వదిలేవాళ్లం, బోరు నీళ్లు ఎంత వృథా చేశామో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

లోపం లేకపోలేదు. మేలో ఒకరోజు మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మి సాయంత్రం గాలివాన కొట్టింది, 41 నుంచి ఒక్కసారిగా 21కి పడిపోయింది. లెక్క మాత్రం ఎండ 27 దాటిందని, రోజంతా నిర్మలంగా ఉందన్నట్టు చూపించింది. అందుకే ఒక్కరోజు అంకెను నమ్మకండి, ఐదు రోజుల సగటు తీసుకోండి. థర్మామీటర్‌ను రేకుల షెడ్డు గోడకు అసలు తగిలించవద్దు, మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే, గరిష్ఠం మూడు డిగ్రీలు ఎక్కువ చూపేది. తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో ఉంచాక సర్దుకుంది.

నాసా వారి పవర్ అనే వెబ్‌సైట్‌లో మన అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఎండ అంకెలు ఉచితంగా వస్తాయి, నెలకోసారి నా సగటుతో పోల్చుకోడానికి బాగుంది. కానీ అవి కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి, పైగా ఒక డిగ్రీ గడి, అంటే వంద కిలోమీటర్ల పైచిలుకు మేరకు ఒకటే అంకె. ఈరోజు నీళ్లు వదలడానికి నాకు థర్మామీటరే దిక్కు. వారానికోసారి డ్రిప్పర్ పక్కన జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి చూస్తాను, ఉండ కడితే ఆ వారం గంటలు మార్చను.